హుకుం చెల్లని ఊళ్లు

సెప్టెంబరు వచ్చిందంటే నల్లగొండ, సూర్యాపేట, భువనగిరి చౌరస్తాల్లో తెలంగాణ సాయుధ పోరాటం గురించి మైకులు మోగుతాయి. ఒక సభలో, కష్టాలు ఓర్వలేక జనం తిరగబడ్డారు, దొరలు గడీలు వదిలి పారిపోయారు అంటారు. పక్క సభలో, సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ సైన్యాన్ని పంపించాడు, 5 రోజుల్లో నిజాం లొంగిపోయాడు అంటారు. రెండూ జరిగినవే. ఈ రెండింటి నడుమ ఉన్న ప్రశ్నను మాత్రం ఏ వేదిక మీదా ఎవరూ ఎత్తుకోరు. 1724 నుంచి పాతుకుపోయిన రాజ్యం మా ఊళ్లల్లో అంత తొందరగా చేతులెత్తేయడానికి కారణమేంది? ఊళ్లల్లో సంఘం, అంటే కమ్యూనిస్టులు నడిపిన ఆంధ్ర మహాసభ, చేతికి వచ్చిన అధికారం హైదరాబాదులో దాని చేతికి ఎందుకు రాలేదు?

డిగ్రీ పిల్లలకు చరిత్ర పాఠం చెప్పడం నా పని. రష్యా పాఠం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి అడుగుతారు: "సార్, జార్ దగ్గర అంత ఫౌజు ఉండె గద, మరి ఎట్ల పోయిండు?" నేను చెప్పే జవాబు సిలబస్‌లో దొరికింది కాదు, మా జిల్లాలో దొరికింది. ఏ రాజ్యమైనా హుకుం మీద నడుస్తుంది. పైన ఎవరో హుకుం ఇస్తారు, కింద ఎవరో దాన్ని మోసుకుపోయి అమలు చేస్తారు. ఆ మోసే మనుషులు, అంటే సిపాయి, జవాను, పట్వారీ, సుంకరి, ఒకరి వెనుక ఒకరు ఆగిపోయిన నాడు పాత రాజ్యం పోతుంది. తిరగబడ్డవాళ్ల దగ్గర ఎన్ని తుపాకులున్నాయన్నది ఆ తర్వాతి సంగతి. అట్లా దిక్కులేనిదైపోయిన అధికారం అప్పటికే తన ఏర్పాట్లు చేసుకుని నిలబడ్డవాడికి దక్కుతుంది. ఆ నిలబడ్డవాడు తిరగబడ్డవాడే అయి ఉండాలన్న నియమం ఏమీ లేదు. నల్లగొండ కథలోని చేదంతా అక్కడే ఉంది.

ముందు కష్టాల వాదన సంగతి చూద్దాం. బాధపడ్డవాళ్ల పక్షాన మాట్లాడుతున్నట్టు ఉంటుంది కాబట్టి దీన్ని ఎవరూ కాదనరు. కానీ లెక్క కుదరదు. వెట్టి 1946లో పుట్టలేదు. దొర ఇంట్లో శుభకార్యమైతే గొల్లలు మేకలు ఇవ్వాలె, మాదిగలు చెప్పులు కుట్టియ్యాలె, కుమ్మరి కుండలు దింపాలె, చాకలి బట్టలుతికి పాత్రలు తోమాలె, దొర బండెక్కితే ఒకరు ముందు ఉరకాలె. ఇది తాతముత్తాతల నుంచి ఉన్నదే. విసునూరు దేశ్‌ముఖ్ కింద 40 వేల ఎకరాలు ఉండేవని చెప్తారు, అదీ ఒక్క రోజులో పోగైంది కాదు. అదే దేశ్‌ముఖ్ ఇలాకాలోని కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే రైతు తన భూమి కోసం కోర్టుకెక్కి, ఏళ్ల తరబడి కొట్లాడి గెలిచాడు. గెలిచాడని దారి కాచి చంపేశారు. ఇవ్వాళ్టికీ అక్కడ ఆయన సమాధి ఉంది, జనం మొక్కుతారు. కానీ ఆ హత్య జరిగినప్పుడు చుట్టుపక్కల ఊళ్లు లోలోపలే ఏడ్చాయి తప్ప లేవలేదు. కొన్నేళ్లకు, 1946 జూలై 4న, అదే దేశ్‌ముఖ్ మనుషులు కడవెండిలో దొడ్డి కొమురయ్యను కాల్చి చంపారు. ఈసారి జనం గడీ మీదికి పోయారు. గుత్పలు, వడిసెలలు పట్టుకుని ఊరు ఊరంతా కదిలింది. ఆ కదలిక పక్క ఊరికి, అక్కడి నుంచి తాలూకాకు పాకింది. ఈ రెండు చావుల మధ్య కష్టాలు రెట్టింపు కాలేదు. మారింది వేరే ఉంది.

ఒకటి, సంఘం. 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభ జరిగింది. రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. మితవాదులు వేరుపడ్డారు, సభ్యత్వ రుసుము రూపాయి నుంచి అణాకు దిగింది. ఈ అణా సంగతిని పుస్తకాల్లో ఒక్క వాక్యంలో దాటేస్తారు గానీ, నా లెక్కలో మొత్తం కథకు అదే మొదలు. రూపాయి ఉన్నన్నాళ్లూ అది వకీళ్ల సభ. అణా కాగానే చాకలి, గొల్ల, మాదిగ, చిన్న కాపు అందరిదీ అయింది. అంతకుముందు మహాసభ అంటే తీర్మానాలు. ఆ తర్వాత ఊరికొక మనిషి, ఆ మనిషి ఇంట్లో ఒక రాత్రి మీటింగు, పక్క ఊరికి కబురు. పాలకుర్తిలో ఐలమ్మ పంటను దేశ్‌ముఖ్ మనుషులు కోసుకుపోవడానికి వస్తే సంఘం కార్యకర్తలు అడ్డం నిలబడి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. ఆ ధాన్యం ఎన్ని బస్తాలన్నది ముఖ్యం కాదు. దొర మాట జరగని రోజు కూడా ఒకటి ఉంటుందని అక్కడున్నవాళ్లందరూ కళ్లారా చూశారు.

రెండోది, రెండో ప్రపంచ యుద్ధం తెచ్చిన లెవీ, అంటే సర్కారు బలవంతంగా ధాన్యం వసూలు చేయడం. సర్కారు గల్లా కోసం అధికారులు కల్లాల మీద పడ్డారు. దొర గరిసెల జోలికి పోకుండా చిన్న రైతు ఇంట్లో గింజలు కొలిచారు. దాంతో వెట్టి చేసే వాడొక్కడే కాదు, పదెకరాల రెడ్డీ, కాపూ కూడా సర్కారుకు ఎదురు తిరిగారు. పాత రాజ్యాలు చివరి రోజుల్లో చేసే తప్పు ఇదే. తమకు మామూలుగా దండం పెట్టేవాళ్లను కూడా పీడిస్తాయి.

మూడోది, పైన ఏర్పడిన డోలాయమానం. ఇంగ్లీషువాళ్లు పోతున్నారు. 1947 జూన్‌లో నిజాం తాను స్వతంత్రుడినన్నాడు. నవంబర్‌లో ఢిల్లీతో యథాతథ ఒప్పందం చేసుకున్నాడు. వచ్చే ఏడు ఎవరి రాజ్యమో తహశీల్దారుకే తెలియదు. రేపు ఎవరి కింద పని చేస్తాడో తెలియని ఉద్యోగి ఇవ్వాళ ప్రాణం పెట్టి పని చెయ్యడు. ఇది పిరికితనం కాదు, మనిషి స్వభావం.

ఇప్పుడు అసలు విషయం. నిజాం ఎన్నడూ మా ఊరు చూడలేదు. ఆయన రాజ్యం మా ఊళ్లో నలుగురైదుగురు మనుషుల రూపంలో ఉండేది. శిస్తుకు మాలీ పటేల్, నేరాలకు పోలీసు పటేల్, కాగితాలకు పట్వారీ, చెరువు నీళ్లకు నీరడి, కబురు మోయడానికి సుంకర్లు. వీళ్లపైన అప్పుడప్పుడు వచ్చిపోయే గిర్దావర్, అమీను. అంతకుమించి రాజ్యం లేదు. ఆసఫ్ జాహీ వంశం, చార్మినార్, ఫలక్‌నుమా, అన్నీ ఈ నలుగురైదుగురి భుజాల మీద నిలబడ్డాయి.

సూర్యాపేట వైపు మా ఊళ్లో పట్వారీ దఫ్తరును తగలబెట్టిన సంగతి మా నాయనమ్మ చాలాసార్లు చెప్పేది. ఎర్ర గుడ్డలో మూటగట్టిన కాగితాలు. ఎవరి పేరు మీద ఎంత భూమి, ఎవరు ఎంత బాకీ, అన్నీ ఉర్దూలో. చదవడం ఊళ్లో పట్వారీ ఒక్కడికే వచ్చు కాబట్టి ఆయన ఏది చదివితే అదే నిజం. సంఘపోళ్లు ఆ మూటను చావడి ముందు పడేసి నిప్పు పెట్టారు, దొర ఇంట్లోని అప్పు పత్రాలు కూడా తెచ్చి అందులోనే వేశారు. ఆ మంట గురించి ఆమె పెద్దగా చెప్పేది కాదు. తెల్లవారి సంగతి చెప్పేది.

"కాయిదాలు కాలుతుంటే చూడనీకి మేమందరం ఉరికినం బిడ్డా. మా అమ్మ జుట్టు పట్టి గుంజుకొచ్చి ఇంట్లేసి గొళ్లెం పెట్టింది. పొద్దుగాల పోలీసులొస్తరు, ఊరు మీద పడతరు అన్నది. తెల్లారింది. పోలీసులు రాలే. సుంకరాయన గూడ రాలే. దినాం పొద్దు పొడవంగనే డప్పు కొట్టుకుంట వాడవాడ తిరిగి, ఇయ్యాల ఫలానోళ్లు గడీకి రావాలె అని చెప్పేటోడు. గా దినం వాళ్ల ఇంటి ముంగట కూసోని చుట్ట తాగుతుండు. డప్పు చూరుకు యాలాడుతుంది. మా అమ్మ ఆయన దిక్కు చూసింది, ఆయన మా అమ్మ దిక్కు చూసిండు. ఇద్దరు ఏం మాట్లాడలే. మా అమ్మ పోయి గొళ్లెం తీసింది."

నాకు తెలిసి అధికారం చేతులు మారడాన్ని ఇంత దగ్గర నుంచి చూపించిన వర్ణన ఇంకొకటి లేదు. ఆ రోజు ఆ సుంకరి మీద ఎవరూ తుపాకీ పెట్టలేదు. ఆయనా వెట్టి చేసేవాడే. దొర హుకుంను వాడవాడకూ మోసి, తన ఇంటివాళ్లనే గడీకి పిలిచిన మనిషి. ప్రతి పాత రాజ్యమూ తన హుకుంను చివరి గడప దాకా చేర్చే పనిని, ఎవరిని అణచివేస్తుందో వాళ్లలోని ఒకరికే అప్పజెప్పుతుంది. అంతకన్నా తక్కువ కూలికి ఆ పని చేసేవాడు దొరకడు మరి. దాని బలమూ అక్కడే, దాని చావూ అక్కడే.

ఫ్రాన్సులోనూ ఇదే జరిగింది. ఖజానా దివాళా తీసి, 1614 తర్వాత ఒక్కసారి కూడా పిలవని ప్రతినిధుల సభను రాజు 1789లో పిలవాల్సి వచ్చింది. జూలై 14న బాస్టీల్ కోట పడిందంటే ఫ్రెంచి గార్డుల దళం సిపాయిలు ఫిరంగులతో వచ్చి జనం వైపు నిలబడడం వల్లనే. ఆ తర్వాతి వారాల్లో పల్లెల్లో రైతులు జమీందారుల కోటల మీద పడి ముందుగా వెతికింది నగలను కాదు, శిస్తులు, బాకీలు రాసిన దస్తావేజులను. వాటిని కుప్పలు పోసి తగలబెట్టారు. ఆగస్టు 4 రాత్రి వెర్సైల్స్‌లో కూర్చున్న సభ్యులు భూస్వామ్య హక్కులు వదులుకుంటున్నామని తీర్మానించారంటే, ఊళ్లల్లో అప్పటికే బూడిదైన కాగితాలకు వాళ్లు వేసిన రాజముద్ర అది. ఫ్రెంచి రైతుకు నల్లగొండ తెలియదు, నల్లగొండ రైతుకు ఫ్రాన్సు తెలియదు. ఇద్దరి చెయ్యీ కాగితాల కట్ట మీదికే పోయింది.

రష్యాను రెండుసార్లు చూడాలె. 1905లో కార్మికులు సమ్మె కట్టారు, రైతులు జమీందారుల ఇళ్లు తగలబెట్టారు, నావికులు తిరగబడ్డారు, సోవియట్ అనే కార్మికుల సభ పుట్టింది. జనంలో కోపం తక్కువేమీ లేదు. అయినా జార్ నిలబడ్డాడు. జపాన్‌తో యుద్ధం ఓడిపోయినా సంధి చేసుకుని సైన్యాన్ని వెనక్కి తెచ్చుకున్నాడు, ఆ సైన్యంలో ఎక్కువ భాగం చెప్పినట్టు విన్నది. 1917 ఫిబ్రవరిలో పెట్రోగ్రాడ్‌లో రొట్టె కోసం బారులు తీరిన ఆడవాళ్లు, బట్టల మిల్లుల కార్మికులు వీధుల్లోకి వచ్చారు. పాత క్యాలెండరు ప్రకారం 26వ తేదీ ఆదివారం నాడు వొలీన్స్కీ రెజిమెంటు సిపాయిలు హుకుం ప్రకారం జనం మీద కాల్పులు జరిపారు. ఆ రాత్రి బ్యారక్‌లో వాళ్లకు నిద్ర పట్టలేదు. తిమొఫేయ్ కిర్పిచ్నికోవ్ అనే సార్జెంటు తోటివాళ్లతో మాట్లాడాడు, రేపు మళ్లీ కాల్చేది లేదని అనుకున్నారు. తెల్లవారి అధికారి వచ్చి హుకుం ఇస్తే కదల్లేదు. ఆ అధికారిని చంపేసి పక్క రెజిమెంట్ల దగ్గరికి పోయారు. సాయంత్రానికి వేలాది సిపాయిలు జనంలో కలిసిపోయారు. మూడు రోజుల తర్వాత, 300 ఏళ్ల రొమనోవ్ వంశానికి చెందిన జార్ గద్దె దిగాడు.

అప్పటికి లెనిన్ స్విట్జర్లాండ్‌లో ఉన్నాడు. జార్‌ను దించింది ఆయన పార్టీవాళ్లైన బోల్షివిక్కులు కారు. బారక్‌లో నిద్రపట్టని ఆ సిపాయిలు, వీధిలోని ఆడవాళ్లు. ఈ మాట చెప్తే మా దగ్గర కొందరు పెద్దమనుషులకు నచ్చదు, పార్టీ పాత్రను తగ్గిస్తున్నానంటారు. పార్టీ పాత్ర తర్వాత వస్తుంది, అక్కడికీ వస్తాను.

ఇరాన్ ఇంకా గట్టి ఉదాహరణ. ఎందుకంటే అక్కడి రాజు షా యుద్ధం ఓడిపోలేదు, ఖజానా దివాళా తీయలేదు, చమురు డబ్బు పొంగిపొర్లుతుండేది, అమెరికా ఆయుధాలు నిండుగా ఉండేవి. 1978 సెప్టెంబర్ 8న టెహ్రాన్ జాలే చౌరస్తాలో సైన్యం కాల్పులు జరిపి జనాన్ని చంపింది కూడా. రాజ్యం డబ్బు లేక కూలుతుందనే వాదం ఇక్కడ నిలబడదు. కానీ ఆ శరత్తులో చమురు కార్మికులు పని ఆపేశారు. బ్యాంకులు, కస్టమ్స్, ప్రభుత్వ ఆఫీసులు వాళ్ల వెంట నడిచాయి. చనిపోయినవాళ్ల నలభయ్యో రోజు సంతాపం ఇంకో ఊరేగింపయ్యేది, ఆ ఊరేగింపులో చనిపోయినవాళ్లకు మళ్లీ నలభయ్యో రోజు. సిపాయిలు అటు చంపలేక, ఇటు ఇంటికి పోలేక నలిగిపోయారు. 1979 జనవరి 16న షా దేశం వదిలిపోయాడు, ఫిబ్రవరి 11న సైన్యం తాను తటస్థమని ప్రకటించింది. అన్ని ట్యాంకులూ ఉన్నాయి, వాటిని తోలేవాళ్లు లేరు.

క్యూబా గురించి ఎక్కువ చెప్పను. 82 మందితో పడవ దిగి, మొదటి దాడుల్లో చాలామందిని పోగొట్టుకుని కొండలెక్కిన దళం రెండేళ్లలో గెలిచిందంటే ఆ దళం వీరత్వం ఎంత నిజమో, అక్కడి నియంత బటిస్టా సైన్యం తన నాయకుడి కోసం చావడానికి సిద్ధంగా లేకపోవడమూ అంతే నిజం. వీరుల కథగా మాత్రమే దాన్ని చదివి, అదే పని ఎక్కడైనా చేయొచ్చనుకున్న ఎందరో పిల్లలు ఎన్నో దేశాల అడవుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. మా నల్లమలలో కూడా.

మా జిల్లాకు తిరిగొస్తే, నిజాం పక్షాన ఊళ్ల మీద పడ్డ రజాకార్లను కూడా ఈ కోణంలోనే చూడాలంటాను. ఖాసిం రజ్వీ ముఠాలను క్రూరత్వానికి గుర్తుగా అందరూ చెప్తారు. అది నిజం, గుండ్రాంపల్లి మట్టి దానికి సాక్షి, 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగింది చెప్పడానికి నోరు రాదు. కానీ ఒక రాజ్యం తన పోలీసునూ, తన పటేల్‌నూ, తన తహశీల్దారునూ పక్కనబెట్టి ముఠాల మీద ఆధారపడిందంటే, హుకుం మోసే మనుషులు దానికి మిగల్లేదన్నమాట. చాలా ఊళ్లల్లో పటేల్ పట్వారీలు రాజీనామాలు ఇచ్చారు, ఇంకా చాలామంది పట్నాలకు పారిపోయారు. రజాకార్లు పగటిపూట లారీల్లో వచ్చి ఊరును కాల్చగలిగారు. పొద్దుగూకే లోపల క్యాంపుకు మరలాల్సిందే. ఊరిని నాశనం చేయడం వేరు, ఊరిని ఏలడం వేరు. 1948 నాటికి నిజాం సర్కారుకు మొదటిది మాత్రమే చేతనవుతోంది.

ఏలింది సంఘం. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. ఉద్యమ నాయకత్వం చెప్పిన లెక్క ప్రకారం 3 వేల గ్రామాలు సంఘం పాలనలోకి వచ్చాయి, 10 లక్షల ఎకరాలు పంచారు. పంపకంలో భూపరిమితి మొదట 500 ఎకరాల దగ్గర మొదలై, తర్వాత మెట్ట 100, తరి 10 ఎకరాలకు దిగింది. పంచాయతీలు పెట్టి తగాదాలు తీర్చారు. వెట్టి ఆగింది, కూలి పెరిగింది, ఆడవాళ్లు దళాల్లో చేరారు. మా సూర్యాపేట బిడ్డ మల్లు స్వరాజ్యం పేరు వినగానే పోలీసులు జడిసేవారు. సుంకరి డప్పు పక్కన పెట్టిన తెల్లవారి ఊళ్లో ఎవరి గొర్లు ఎవరి చేను మేశాయన్న తగువుకు తీర్పు చెప్పేవాడు ఒకడు కావాలె కదా. ఆ ఒకడు అక్కడ సిద్ధంగా ఉన్నాడు. ఆ సిద్ధం భువనగిరి అణాతో మొదలైందే.

పార్టీ పాత్ర ఇక్కడుంది. రష్యాలో ఫిబ్రవరి నుంచి అక్టోబర్ దాకా అధికారం దాదాపు వీధిలో పడి ఉంది. తాత్కాలిక ప్రభుత్వం యుద్ధం ఆపనంది, భూమి పంచనంది. ఫ్యాక్టరీల్లో, రెజిమెంట్లలో సోవియట్లు ఉన్నాయి, శరత్తు నాటికి పెట్రోగ్రాడ్ సోవియట్‌లో బోల్షివిక్కులకు మెజారిటీ వచ్చింది. అక్టోబర్‌లో వాళ్లు పడగొట్టిన దాని కన్నా పట్టుకుని నిలబెట్టింది ఎక్కువ. ఇరాన్‌లో వామపక్షాలవాళ్లు జైళ్లల్లో మగ్గారు, తుపాకులు పట్టారు, చివరి రోజుల్లో వీధుల్లో పోరాడారు. కానీ గల్లీ గల్లీకి మసీదు ఉన్నది మత పెద్దలకు. రేషన్, కాపలా, కబురు అన్నీ అక్కడి నుంచే నడిచాయి. అధికారం అటే పోయింది. చైనాలో 1937లో జపాన్ దాడికి అప్పటి పాలక పార్టీ కుమింటాంగ్ అధికారులు పడమరకు పోతే, ఉత్తరాది ఊళ్లు దిక్కులేనివయ్యాయి. కమ్యూనిస్టులు శత్రుసైన్యం వెనుక ఉన్న ఆ ఊళ్లల్లోకి పోయి, శిస్తు తగ్గించి, పాలన కట్టుకున్నారు. 1949 జనవరిలో బీజింగ్‌ను కుమింటాంగ్ సేనాని ఫూ జువోయీ నగరంలో పోరు లేకుండానే అప్పగించాడంటే దాని వెనుక పన్నెండేళ్ల ఊరి పని ఉంది.

మరి చైనాలో జరిగింది నల్లగొండలో ఎందుకు ఆగిపోయింది? మా వాళ్లలో ధైర్యం తక్కువయ్యా? త్యాగం తక్కువయ్యా? 4 వేల మంది ప్రాణాలిచ్చారని ఉద్యమం చెప్పుకున్న నేల ఇది. ఆగిపోవడానికి కారణం ఒక్కటే. నిజాం రాజ్యం కూలింది, కానీ దాని పక్కనే కూలని రాజ్యం ఇంకొకటి ఉంది. 1948 సెప్టెంబర్ 13న వచ్చిన సైన్యంలో హుకుం మోసే మనుషులు ఆగిపోలేదు. వాళ్లకు జీతం ఉంది, వెనుక గెలిచిన స్వాతంత్ర్యోద్యమం ఉంది, ముందు జనం అసహ్యించుకునే శత్రువున్నాడు. 17న నిజాం లొంగిపోయాడు, 18న ఆయన సేనాని ఎల్ ఎద్రూస్ జనరల్ జె.ఎన్.చౌధురికి సైన్యాన్ని అప్పజెప్పాడు. ఊళ్లల్లో అధికారాన్ని కూల్చింది సంఘం. రాజధానిలో దాన్ని ఎత్తుకున్నది ఢిల్లీ.

తర్వాత మూడేళ్ల మాట రాయడం కష్టం, రాయక తప్పదు. పోరాటం ఆపాలా, కొత్త సర్కారు మీద కొనసాగించాలా అని నాయకత్వం చీలిపోయింది. రావి నారాయణరెడ్డి ఆపాలన్నారు. కొనసాగించాలన్నవాళ్ల మాట నెగ్గింది. దళాలు గోదావరి అడవులకు, నల్లమలకు పోయాయి. నా అభిప్రాయంలో రావి నారాయణరెడ్డిదే సరైన లెక్క. కొనసాగించినవాళ్ల కోపానికి కారణం లేకపోలేదు. దొరలు ఖద్దరు టోపీలు పెట్టుకుని సైన్యం వెనుకే ఊళ్లకు తిరిగొచ్చారు, పంచిన భూములు చాలాచోట్ల గుంజుకున్నారు, నిజాం రాజ్‌ప్రముఖ్, అంటే రాష్ట్రాధినేత, అయ్యాడు. దీన్ని ఎట్లా సహించాలె? కానీ సహించలేకపోవడం వేరు, గెలవగలగడం వేరు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌల్దార్ల చట్టం వచ్చింది. రజాకార్ల భయం పోయింది. ఊరిలోని మధ్యతరగతి రైతు తనకు కావలసింది దొరికిందని ఇంటికి పోయాడు. కొత్త రాజ్యపు సిపాయిని ఆపే శక్తి ఆ సుంకరి దగ్గర లేదు, ఎందుకంటే ఆ సిపాయి హుకుం సుంకరి భుజం మీది నుంచి రావడం లేదు. ఆ మూడేళ్లలో పోయిన ప్రాణాల గురించి ఆలోచిస్తే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. వాళ్లు ఎంచుకున్న నేల వాళ్ల కింద అప్పటికే మారిపోయింది.

1951 అక్టోబర్‌లో పోరాటాన్ని విరమించారు. కొన్ని నెలలకు మొదటి ఎన్నికలు. పార్టీ మీద నిషేధం ఉండడంతో ప్రజాస్వామ్య కూటమి పేరుతో పోటీ చేసిన రావి నారాయణరెడ్డిని నల్లగొండ జనం నెహ్రూకు వచ్చిన ఓట్ల కన్నా ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు పంపారు. ఇది మేము గర్వంగా చెప్పుకునే సంగతి, చెప్పుకోవాలె కూడా. కానీ అందులో ఇంకో సంగతి దాగి ఉంది. ఐదేళ్లకోసారి దొరను ఓడించే అవకాశం ఉందని నమ్మిన జనం, ఆ అవకాశం ఎంత అరకొరదైనా, తుపాకీ దాకా పోరు. మూసుకుపోయిన రాజ్యాలే ఎక్కువగా విప్లవాలకు కూలాయి. జార్, షా, బటిస్టా, ముగ్గురూ తమను మార్చే దారి ఏదీ జనానికి మిగల్చలేదు. నిజామూ అంతే.

నేపాల్‌ను చూస్తే ఇది బాగా తెలుస్తుంది. 1996లో మొదలుపెట్టిన మావోయిస్టులు పదేళ్లలో ఊళ్లల్లో చాలా భాగం పట్టుకున్నారు, ఖాట్మండును పట్టుకోలేకపోయారు. 2005లో రాజు జ్ఞానేంద్ర పార్టీలన్నిటినీ పక్కకు నెట్టి తానే పాలన చేపట్టాడు. ఆ మూసివేతే ఆయన మెడకు చుట్టుకుంది. పార్లమెంటరీ పార్టీలు, మావోయిస్టులు 12 అంశాల మీద ఒక్కటయ్యారు. 2006 ఏప్రిల్‌లో జనంతో పాటు ప్రభుత్వ ఉద్యోగులు సైతం వీధికెక్కారు, 2008 మే 28న రాచరికం రద్దయింది. అదే కాలంలో మన నల్లమలలో ఉన్న నక్సలైట్లు 2004లో హైదరాబాదు వచ్చి చర్చలకు కూర్చున్నారు, చర్చలు చెడిపోయాయి, ఆ తర్వాత కొన్నేళ్లకే నల్లమల ఖాళీ అయింది. పాలమూరు పల్లెల్లో కరువు, వలస నేపాల్ పల్లెల కన్నా తక్కువేం కాదు. తేడా కష్టంలో లేదు, రాజ్యంలో ఉంది. ఇక్కడి కానిస్టేబులు తన హుకుంను ఒక రాజుగారి సొంత ఆస్తిగా ఎన్నడూ అనుకోలేదు, అనుకోవలసిన అవసరమూ రాలేదు.

ఇట్లా మాట్లాడితే అమరులను చిన్నబుచ్చుతున్నానని ఒకరిద్దరు పెద్దలు నన్ను కోప్పడ్డారు. సిపాయో, సుంకరో ఆగిపోతే రాజ్యం కూలిందంటే, మరి కొమురయ్య ఎందుకు చచ్చిపోయినట్టు అని అడిగారు. నా జవాబు ఇది. సుంకరి ఊరికే ఆగిపోడు. ఆగితే తనకేమవుతుందో ఆయనకు బాగా తెలుసు, తరతరాలుగా వీపు మీద వాతలతో నేర్చుకున్నాడు. ఆగినా బతకవచ్చని, ఆగితే తన పక్కన మనుషులుంటారని ఎవరో చూపించాలె. బందగీ ఒంటరిగా చచ్చిపోయాడు, ఊరు దండం పెట్టి తలుపులు వేసుకుంది. కొమురయ్య సంఘంలో ఉండి చచ్చిపోయాడు, ఊరు తలుపులు తీసుకుని బయటికొచ్చింది. ఇద్దరి త్యాగంలో హెచ్చుతగ్గులు లేవు. రెండో చావు వెనుక అణా చందా కట్టిన వెయ్యి ఇళ్లున్నాయి.

ఇంకో సంగతి చెప్పాలె. సంఘం ఊళ్లను ఏలిన ఆ కొద్ది కాలంలో కాగితాలు కాల్చింది గానీ, కొత్త కాగితం రాసి దానికి ముద్ర వేసి నిలబెట్టుకునే సమయం దానికి దొరకలేదు. పోలీసు చర్య అని పేరు పెట్టిన 1948 సైనిక చర్య తర్వాత పట్వారీలు మళ్లీ కూర్చుని పహాణీలు, అంటే భూమి లెక్కలు, రాశారు. పంచిన భూమి దున్నుకున్నవాడి పేరు అందులోకి ఎక్కలేదు. వంశపారంపర్యంగా వచ్చే పటేల్ పట్వారీ వ్యవస్థ 1980లలో ఎన్.టి.రామారావు సర్కారు రద్దు చేసే దాకా నడిచింది. అంటే ఆసఫ్ జాహీలు పోయిన తర్వాత కూడా వాళ్ల హుకుం మోసిన కుర్చీ మా ఊళ్లల్లో ఇంకో మూడు దశాబ్దాల పైన ఉంది. రాజును దించడం ఎంత తొందరగా అయిందో, ఆ కుర్చీని దించడం అంత ఆలస్యమైంది.

ఇప్పుడు మా ఊళ్లల్లో అమరుల స్తూపాలున్నాయి. చనిపోయినవాళ్ల పేర్లు చెక్కి ఉన్నాయి. ఆ కాలం చూసినవాళ్లు ఇంటికొకరు కూడా మిగల్లేదు, మిగిలినవాళ్లకు తొంభై దాటింది. వాళ్ల దగ్గర కూర్చునే పిల్లలను నేను పోరాట గాథలతో పాటు ఇవి కూడా అడగమంటున్నాను. మీ ఊరి పోలీసు పటేల్ ఆ ఏడు ఎక్కడున్నాడు? ఊళ్లో ఉండి సంఘంతో కలిసిపోయాడా, పట్నం పోయాడా? లెవీ కొలవడానికి వచ్చిన మనిషి ఏ రోజు నుంచి రావడం మానేశాడు? కాగితాలు కాలిన తర్వాత భూమి తగాదా ఎవరి ముందుకు పోయింది? పోలీసు చర్య తర్వాత శిస్తు మొదట అడగడానికి వచ్చిందెవరు, పాత మనిషేనా, కొత్త మనిషా? ఫోన్‌లో రికార్డు చేసినా చాలు, ఊరి పేరు, చెప్పినవాళ్ల వయసు ముందుగా చెప్పించి మొదలుపెట్టండి.